బ్యాటరీ మీద కూచున్న ఉస్తాద్

ఖాజావలి ఉస్తాద్ దగ్గర పనికి చేరి నాలుగేండ్లయినా, ఆయన నా చేతికి ఒక్క ఇంజను కూడా ఒంటరిగా ఇవ్వలేదు.

టైర్లు ఇప్పు, ఆయిలు మార్చు, ప్లగ్గులు తుడువు. అంతవరకే నా రాజ్యం. ఇంజను మూత తీసే గడియ రాగానే "కేశవా, పక్కకు రా నాయనా" అనేవాడు. నేను పక్కకు వచ్చి లైటు పట్టుకునేవాణ్ణి. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద ఉంటుంది మా షెడ్డు. ఆ రోడ్డు పొడుగునా లైటు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఉస్తాద్, నాకు పని రాదా?"

"వచ్చు."

"మరి నా మీద నమ్మకం లేదా?"

ఆయన తెల్లగడ్డం గోక్కున్నాడు. "రేపు చెప్తాలే" అన్నాడు.

ఆ రేపు ఎనిమిది నెలలకు వచ్చింది. మంగళవారం పొద్దున, ఒక తెల్లకారులో, ఎర్ర ఎల్ బోర్డు పెట్టుకుని వచ్చింది.

కారు ముందు నుంచి గలగలమని చప్పుడు. చెంచాలు పోసిన స్టీలు డబ్బాను ఎవరో ఊపుతున్నట్టుంది. దాంట్లోంచి ఒకమ్మాయి దిగింది. జడ భుజం మీద వేసుకుని, చేతిలో తాళం తిప్పుకుంటూ మా షెడ్డులోకి నడిచి వచ్చింది. ఆ చప్పుడులో ఉస్తాద్‌కు చైను వినిపించింది. నాకు గజ్జెలు వినిపించాయి.

ఆమె పేరు హిమజ. హిమజ డ్రైవింగ్ స్కూలు అంటే ఒక కారు, ఒక హిమజ. అంతే.

"భాయ్, రేపు తొమ్మిదికి ఆర్టీవో ఆఫీసులో టెస్టు. నా దగ్గర నేర్చుకున్నోళ్ళు ఆరుమంది. అందరికీ ఈ కారే. షోరూంకు పోతే వారం ఆగమంటాండారు. టైమింగ్ చైను మార్చాలంట, దానికి ఇప్పి బిగించే వేరే సామాన్లు కావాలంట, అవి బయటినుంచి రావాలంట."

"ఇంకోసారి టెస్టు పెట్టుకోగూడదా అమ్మా?"

"ఆరుమందిలో ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు భాయ్. ఇప్పటికే మూడుసార్లు తప్పినాడు. ఈసారి కారే రాలేదంటే, తప్పించుకుంటాండానని ఇంట్లో ఎగతాళి చేస్తారని నిన్న కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన పోతే మిగతా ఐదుమందీ పోతారు. నా స్కూలు మూతే."

ఉస్తాద్ బానెట్టు ఎత్తి చెవి ఆనించి విన్నాడు. "చైను సాగింది. ఇట్లనే తిప్పితే ఒకనాడు జారుతుంది. జారిందంటే పైన వాల్వులు, కింద పిస్టన్లు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. ఇంకేముంది, ఇంజను ఖతం."

హిమజ మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నా నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది.

"నేను చేస్తా మేడం. ఏ వేరే సామాన్లూ అక్కర్లేదు."

ఉస్తాద్ నన్ను చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"చెయ్" అన్నాడు.

"నేనా?"

"నువ్వే గదరా చేస్తానంటివి."

హిమజ రెండు చేతులూ జోడించింది. "నీ మేలు మరిచిపోను అన్నా!"

అన్నా.

నా గుండెలో ఒక వాల్వు అక్కడే వంగిపోయింది.

*

పని మొదలుపెట్టకముందే ఉస్తాద్ ఒక పని చేశాడు. తనే వచ్చి బ్యాటరీ వైర్లు ఊడదీశాడు. బ్యాటరీని బయటికి ఎత్తి, బిడ్డను మోసుకుపోయినట్టు మోసుకుపోయి, రేకుల నీడన పెట్టాడు. దాని మీద చెక్క వేసి, చెక్క మీద గోనెసంచి మడత వేసి, దాని మీద కూచున్నాడు.

"ఉస్తాద్, స్టూలుంది గదా?"

"ఇది మెత్తగుంది."

సరే, పెద్దాయన. హిమజ బజారు నుంచి కొత్త చైను తెచ్చింది. నేను పానాలు పరిచాను.

ఇంజనులో కింద ఒక చిన్న పళ్ళచక్రం, పైన రెండు పెద్ద పళ్ళచక్రాలు ఉంటాయి. కిందిది పిస్టన్లతో తిరుగుతుంది, పైవి వాల్వులను తెరుస్తాయి, మూస్తాయి. వాళ్ళను కలిపేది చైను. నా లెక్కలో అది కొంగుముడి. పాత ముడి విప్పేముందు ఏ పన్ను దగ్గర ఏ లంకె ఉందో గుర్తు పెట్టుకోవాలి. కొత్త ముడి సరిగ్గా అక్కడే పడాలి. అటూ ఇటూ అయితే ఆ కాపురం మొదటిరోజే కూలుతుంది.

ముందు కింది పుల్లీ బోల్టు వదలాలి. షోరూం వాళ్ళకు ఇంజను తిరక్కుండా పట్టుకునే సామాను ఉంటుంది. మాకు ఐదో గేరు ఉంది.

"మేడం, లోపల కూచోండి. ఐదో గేరు వేసి బ్రేకు గట్టిగా తొక్కండి."

ఆమె పోయి ఎడమపక్క కూచుంది.

"అటు కాదు మేడం, స్టీరింగు పక్క."

"నా బ్రేకు ఇటుపక్కే ఉంది అన్నా."

నిజమే. డ్రైవింగ్ స్కూలు కారు కదా, ఎడమపక్క కూడా బ్రేకు ఉంది. ఎంతమంది గోడల మీదికి, గేదెల మీదికి తోలుతుంటే ఆపిన కాలో అది. తొక్కింది. నేను పానాకు పైపు తొడిగి వేలాడాను. కారు ఇసుమంతైనా కదల్లేదు. బోల్టు కీచుమని వదిలింది.

"అబ్బా, ఏం కాలు మేడం!" అన్నాను.

ఇది పొగడ్తగా సరిపోయిందో లేదో నాకిప్పటికీ తెలీదు.

మూత తీశాను. లోపల చైను నల్లగా, అలిసిపోయినట్టు వేలాడుతోంది. ఇక గుర్తులు పెట్టాలి.

"రంగుడబ్బా అరలో ఉండాది" అని ఉస్తాద్ కూచున్నచోటి నుంచే అన్నాడు.

"అది తొందరగా ఆరదు ఉస్తాద్" అని చెప్పి, హిమజ వైపు తిరిగాను. "మేడం, మీ దగ్గర గోళ్ళరంగు ఉంటుందా?"

బ్యాగులో వెతికి చిన్న సీసా తీసింది. దానిమ్మగింజ రంగు. మూత తిప్పగానే ఒక రకమైన వాసన వచ్చింది. నాలుగేండ్లుగా డీజిలు, గ్రీజు తప్ప ఎరగని నా ముక్కుకు అది ఏ పూలతోటలోనో పుట్టిన వాసన అనిపించింది.

పైచక్రం మీద కంపెనీ వాళ్ళు కొట్టిన చుక్క ఒకటి ఉంది. సూదిమొనంత. దాన్ని చూస్తే నాకు జాలేసింది. ఇంత పెద్ద ఇంజనుకు ఇంతేనా? దాని మీదే బొట్టు పెట్టాను. చిన్నదైందనిపించి ఇంకొంచెం పెద్దది చేశాను. అంచులు గుండ్రంగా దిద్దాను. చైను లంకె మీద కూడా దానికి జోడుగా ఒకటి పెట్టాను. మిగతా రెండు చక్రాల దగ్గర చిన్న జోడు బొట్లతో సరిపెట్టాను.

"భలే పెట్టినావన్నా" అంది హిమజ వంగి చూస్తూ.

ఇంకో చుట్టు దిద్దాను.

తర్వాత చైనును బిగువుగా పట్టే టెన్షనరును బొటనవేలితో వెనక్కి నొక్కి, అది మళ్ళీ ముందుకు రాకుండా విరిగిన సైకిలు చువ్వ ముక్క గుచ్చాను. పాత చైను తీశాను. కొత్తదాన్ని పాతదాని పక్కన గోనె మీద పరిచి, బొట్టు నుంచి బొట్టుకు లంకెలు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. కొత్త చైనుకూ బొట్లు పెట్టాను. చక్రాల మీద బొట్టు మీద బొట్టు కూర్చోబెట్టాను. చువ్వ లాగాను. టెన్షనరు టక్కున ముందుకొచ్చి చైనును పట్టుకుంది.

కొంగుముడి పడింది. నాకు లోపలెక్కడో సన్నాయి మోగింది.

అంచుల వెంట గమ్ము పూసి మూత వేశాను. పుల్లీ పెట్టి, ఆమె మళ్ళీ బ్రేకు తొక్కితే బోల్టు బిగించాను. మధ్యాహ్నం మూడైంది. చేతులు తుడుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఉస్తాద్ దగ్గరికి పోయాను.

"ఉస్తాద్, బ్యాటరీ."

ఆయన చేతిలో టీ గ్లాసు ఉంది. అడుగున వేలంత టీ ఉంది.

"చేత్తో రెండు చుట్లు తిప్పినావా?"

"ఎందుకు ఉస్తాద్? గుర్తులన్నీ కలిసినాయి."

"కలిసినాయి గదా. తిరుగుతుందిలే. తిప్పు."

"తాళం తిప్పితే అదే తిరుగుతుంది ఉస్తాద్. లేయండి, టైమవుతాంది."

"టీ తాగుతాండా."

వేలంత టీ. దాన్ని చప్పరిస్తూ చప్పరిస్తూ ఆయన ఎంతసేపు తాగాడంటే, ఈలోపల పక్క షెడ్డువాళ్ళు ఒక ఆటోకు పంచరు వేసి పంపించేశారు. గ్లాసు తరగలేదు. ఆయన లేవలేదు. డెబ్బై ఏండ్ల మనిషిని బ్యాటరీ మీది నుంచి దొర్లించి తీసుకోలేను కదా. కోపంతో పానా తీసుకుని ఇంజను దగ్గరికి పోయాను. ఇంజను తేలిగ్గా తిరగడానికి ప్లగ్గులు తీశాను. పుల్లీ బోల్టుకు పానా తగిలించి లాగాను.

కదల్లేదు.

ఇంకొంచెం బలంగా లాగాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కారులోంచి గొంతు వినిపించింది. "అన్నా, నేనింకా తొక్కే ఉండా. తీయొచ్చా?"

ఉస్తాద్ నవ్వు పక్క షెడ్డుదాకా పోయింది. ఆయన టీ అప్పుడు ఒలికింది, ఆ నవ్వుకు.

"తీయండి మేడం. గేరు కూడా తీసి న్యూట్రల్లో పెట్టండి."

ఆమె దిగి టీ తెచ్చుకోవడానికి పోయింది. నేను మళ్ళీ పానా లాగాను. ఈసారి వెన్నలా తిరిగింది. పావు చుట్టు. సగం. ముప్పావు. చూశారా ఉస్తాద్ అని అనబోయాను.

టక్.

ఆగిపోయింది.

"మేడం, బ్రేకు తీయండి!" అని గట్టిగా అరిచాను.

"నేనిక్కడుండా అన్నా."

గొంతు నా వెనకనుంచి వచ్చింది. చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉంది.

నేను పైపు అందుకున్నాను. పొద్దున బోల్టు మొండికేస్తే పైపే కదా వదిలించింది. పానాకు తొడిగాను. తొడిగి, ఎందుకో ఉస్తాద్ వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. ఒలికిన టీని లుంగీ మీంచి దులుపుకుంటున్నాడు. ఆగు అని అరిచి ఉంటే నేను పంతానికి లాగేసేవాణ్ణే. చెప్పేవాళ్ళు లేకపోయేసరికి, నా చేతినే అడగాల్సి వచ్చింది.

పైపు తీసేశాను. ఉత్త పానాతో, రెండు వేళ్ళతో, మెల్లగా లాగి చూశాను.

బ్రేకు తొక్కినప్పుడు బండి బండంతా నా చేతికి తగిలింది. ఇప్పుడు తగిలింది చిన్నది. లోపల చీకట్లో ఎవరో ఒక్క వేలు పెట్టి, వద్దు, అన్నట్టుంది.

వాల్వు. పిస్టను. రెండూ ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడి ఉన్నాయి.

తాళం తిప్పి ఉంటే స్టార్టరు ఆ వద్దు వినిపించుకునేది కాదు. బ్యాటరీ వైపు చూశాను. దాని మీద కూచున్న లుంగీ వైపు చూశాను.

"మేడం, తప్పు జరిగింది. మళ్ళా ఇప్పాల."

హిమజ గ్లాసు కింద పెట్టింది. "రేపటికి అవుతుందా?"

పొద్దున్నుంచి మొదటిసారి ఆమె అన్నా అనలేదు. అయినా నాకేమీ సంతోషం కలగలేదు.

"అవుతుంది" అన్నాను. ఈసారి నోరు దానంతట అది తెరుచుకోలేదు. నేనే తెరిచాను.

*

వెనక్కి కొంచెం తిప్పి, ఆమె మళ్ళీ బ్రేకు తొక్కితే పుల్లీ ఇప్పి, ఆరీ ఆరని గమ్ము గీకి, మూత తీశాను. పైచక్రం మీద నా బొట్టు నిగనిగలాడుతోంది. ఆయిలు తగిలి ఇంకా అందంగా ఉంది.

పెట్రోలులో గుడ్డ ముంచి తుడిచాను. తుడుస్తూ ఉంటే పోతూనే ఉంది. బొట్టు ఒక పన్ను మీద లేదు. మూడు పళ్ళ మీద ఉంది. దిద్ది దిద్ది నేనే పాకించాను. కంపెనీ చుక్క ఒక అంచున ఉంటే, నేను లంకెను తెచ్చి ఇంకో అంచున కూర్చోబెట్టాను. రంగంతా పోయాక అసలు చుక్క కనిపించింది. రెండు పళ్ళ అవతల.

సూదిమొనంత చుక్క. ఎవరో పేరు తెలీని మనిషి, ఎవరినీ తలుచుకోకుండా కొట్టిన చుక్క.

"ఏం దొరికిందిరా?" అన్నాడు ఉస్తాద్ దూరంనుంచి.

"బొట్టు, ఉస్తాద్."

"ఎంతుంది?"

"మూడు పళ్ళంత."

"పెద్ద ముత్తైదువే" అన్నాడు.

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నేను తల ఇంజనులో పెట్టేసుకున్నాను. కాలుతున్న చెవులను దాచుకోవడానికి ఇంజనంత మంచి చోటు లేదు.

పాతచైను మళ్ళీ పరిచాను. ఈసారి గుర్తులు సూదితో గీశాను. చైను రెండు పళ్ళు జరిపి కూర్చోబెట్టాను. చువ్వ లాగాను. మూత వేయలేదు. మూతకంటే ముందు పానా తగిలించి, కళ్ళు మూసుకుని, మెల్లగా తిప్పాను. పావు. సగం. ముప్పావు. ఇందాక టక్‌మన్న చోటు వచ్చింది. ఊపిరి ఆపాను. ఏమీ తగల్లేదు. ఒక చుట్టు. రెండు. చుక్కలు మళ్ళీ తమ చోటికి వచ్చి నిలబడ్డాయి.

ఇంకో రెండు చుట్లు తిప్పాను. ఎవరూ అడగలేదు.

గమ్ము పూసి, మూత వేసి, అన్నీ బిగించి, గమ్ము ఆరేదాకా గంట ఆగేసరికి ఆరున్నర. నేను అడక్కముందే ఉస్తాద్ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, యా అల్లా అనుకుంటూ, బ్యాటరీని తనే తెచ్చి తనే బిగించాడు.

హిమజ ఈసారి కుడిపక్క కూచుంది. తాళం తిప్పింది.

ముందు గలగలమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు క్షణాలకు ఆయిలు పైకెక్కింది. చప్పుడు సన్నబడింది, సన్నబడి, కుట్టుమిషను తొక్కుతున్నట్టు కుదురుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. నేను చూశాను. చూసి, ఆ కళ్ళ గురించి ఏమీ అనుకోకుండా, ఇంజను వైపే చెవి పెట్టాను. నాకే ఆశ్చర్యమేసింది.

"హెడ్మాస్టరు పాసైతే రేపు మీకు పాలకోవా తెస్తా అన్నా!"

"ఆయన తప్పినా తెండి మేడం" అన్నాను.

కారు మైదుకూరు రోడ్డెక్కి, ఎడమకు లైటు వేసి, పద్ధతిగా మలుపు తిరిగి పోయింది.

*

చేతులు కడుక్కుంటూ అడిగాను.

"ఉస్తాద్, నేను బొట్టు పెద్దగా పెట్టింది మీరు అప్పుడే చూసినారు గదా? అందుకే గదా బ్యాటరీ ఇయ్యలేదు?"

"నేనెక్కడ చూసినా? కండ్లద్దాలు ఇంట్లోనే మరిచిపోయి వస్తి. పొద్దున్నుంచి నువ్వే నాకు మసకమసకగా కనపడతాండావు."

"అయితే నేను తప్పు చేస్తానని ముందే అనుకున్నారా?"

"లేదే. బాగా చేస్తావనే అనుకున్నా."

"మరి నా మీద నమ్మకం ఉన్నప్పుడు దాని మీద ఎందుకు కూచున్నారు ఉస్తాద్?"

ఆయన గోనెసంచి దులిపి మడత పెట్టాడు. "నేను ఇంజను పని చేసేటప్పుడు, ఆ బండి బ్యాటరీ యాడ పెడతానో ఎప్పుడైనా చూసినావా?"

ఆలోచించాను. నాలుగేండ్లు లైటు పట్టుకున్నాను. లైటు పడిన చోటే చూశాను. రోడ్డవతల నరసింహులు టీకొట్టు బల్ల కింద ఎప్పుడూ ఏదో ఒక బ్యాటరీ ఉండేది. అది ఆయన కొట్టు లైటుకేమో అనుకునేవాణ్ణి.

"నరసింహులన్న దగ్గరా?"

"ముప్పైయేండ్లాయ. రెండు చుట్లు తిప్పినానని చెప్తే ఊరికే ఇయ్యడు వాడు. వచ్చి, కండ్లతో చూసి, అప్పుడిస్తాడు."

"మీకా?"

"నాకే."

షెడ్డు మూలలో ఒక జీపు ఉంది. దాని ఇంజను పని నిన్న సాయంత్రమే ఉస్తాద్ ముగించాడు. నలభై ఏండ్ల చెయ్యి అది. కడప నుంచి కూడా ఆ చెయ్యి కోసం బండ్లు వస్తాయి.

అంతలో రోడ్డవతల నుంచి నరసింహులు, గ్లాసులు కడుగుతూ, తల కూడా ఎత్తకుండా కేక వేశాడు.

"ఏం భాయ్, జీపుది రెండు చుట్లు అయిందా?"

ఉస్తాద్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా లేదప్పా" అన్నాడు.